పల్లి పల్లి

మొదటి రోజు
కింద నిలబడి చెయ్యి ఊపుకుంట
"పల్లి! పల్లి!" అని ఆయన అరిస్తే
గంగారాం హెల్మెట్ తీసి
"మెట్‌పల్లి సార్" అన్నడు.
తెల్లారి ఎవడో టిఫిన్ మూతల
వేయించిన పల్లీలు తెచ్చి ఇచ్చిండు.
ఆయన అన్నీ నమిలి
మళ్ళ అదే మాట అరిసిండు.
జల్ది, ఇంకా జల్ది అని వాళ్ళ భాషల అర్థమట.
అది మాకు తెలిసేసరికి
రువైస్ మీద ఎండకాలం దిగింది.

నేను క్రేన్ మీద ఉంట.
నలభై రెండు టన్నుల డ్రమ్ము
కొక్కేనికి వేలాడుతుంటె,
గాలి ముల్లు ఎర్రగీతను ముట్టి ముట్టి వస్తుంటె,
నాకు చెవులుండయి.
అంగుళం. ఆగు. అంగుళం.
భుజం మీద నిద్రపోయిన పిల్లను
చాప మీదికి దించినట్టు.
కింద చీమంత మనిషి, బాక్ సార్,
నోరు తెరిచిన తీరు చూస్తే తెలుస్తది
ఏ మాట అంటున్నడో.

రాత్రి తిండైనంక
కంచె దాటి మా క్యాంపుకొస్తడు.
ఏసీ నీళ్ళు కారే గోడపక్కన ప్లైవుడ్ ముక్క,
సుద్దతాడు కొట్టి ఆయనే గీసిండు
ఇటు పంతొమ్మిది, అటు పంతొమ్మిది.
నల్లవి నావి, రబ్బరు వాషర్లు.
తెల్లవి ఆయనవి, నీళ్ళ సీసా మూతలు.
బదుక్, అంటడు ఈ ఆటను.
రూములోళ్ళకు బతుకు అని వినబడ్డది.
నేను సరిదిద్దలే.

పచ్చీసు తీరు కాదు, పావు ఉరుకదు.
పెట్టిన జాగలనే కూసుంటది.
చుట్టు ఖాళీ ఉన్నన్ని దిక్కుల దానికి ఊపిరి.
అన్ని మూస్తే ఎత్తి డబ్బల వేసుడే.

ఈడ నేను ఉరుకుత.
ఆయన వేలు మూత మీంచి లేవకముందే
నా వాషరు టక్కున పడతది.
నాలుగింటికి లేవాలె, ఇంటికి ఫోన్ చెయ్యాలె అంట గని
ఆలోచిస్తే భయమైతది, అది అసలు సంగతి.
ఆలోచన బల్ల మీద ఆగదు,
ఏజెంటు మిత్తి దాకా పోతది,
పాస్‌పోర్టులున్న ఆఫీసు బీరువ దాకా పోతది.
అందుకే టక్కు. టక్కు.

ఆయనకు చాయ చల్లారాలె.
చల్లారి మీద మీగడ కట్టాలె.
మూతను రెండు వేళ్ళ నడుమ తిప్పుతనే ఉంటడు,
పొద్దంత అరిసిన నోట్ల
పుక్కిట నీళ్ళు పట్టినట్టు.

ఒకసారి అడిగిన, ఇద్దరికి వచ్చిన ముక్కల హిందీల:
పొద్దున గంత తొందర, రాత్రి గింత నిదానం, ఏంది సార్?
జవాబు కూడ ఒక ఎత్తు అన్నట్టు
చాలసేపు బల్ల దిక్కు చూసిండు.
"పొద్దున టైమ్ కంపెనీది."
ఇంకింత సేపైనంక, "మరి నువ్వు?"
నా దగ్గర మాట లేదు.
టక్కున ఒక వాషరు పెట్టిన.
ఏడు పోయినయ్.

పని అయిపోయింది. పంపేటోళ్ళ లిస్టుల ఆయన పేరొచ్చింది.
ఆఖరి రాత్రి ఆట సగంల ఉంది.
మూలకు నావి పదకొండు, ఒక్కటే ఊపిరి మిగిలింది.
ఆయన వంతు.
బయట బస్సు హారన్.
పఠాన్ డ్రైవరు యల్లా యల్లా అని రేకు మీద కొట్టిండు.
మూత తిరుగుతనే ఉంది.
ఆగలేక నేనే అన్న:
"సార్, పల్లి పల్లి."
ఆయన పండ్లు చూసుడు నాకు అదే మొదటిసారి.
మూతను బల్ల మీద పెట్టలే,
జేబుల వేసుకొని లేచిండు.

కొత్త ఫోర్‌మన్ మిస్రీ ఆయన. షువై షువై అంటడు.
అదీ నాకు వినబడదు పైన.
ప్లైవుడ్ నా మంచం కింద ఉంది,
గీతల మీద సన్న ఇసుక పట్టింది.
వంతు ఇంకా ఆయనదే.
నిన్న గంగారాం చెప్పులకు వెతుక్కుంట
కాలు తగిలి ఒక మూతను జరిపిండు.
ఏడ ఉండెనో నాకు తెలుసు.
బోర్ల పండుకొని, చెయ్యి లోపలికి చాపి,
అంగుళం. ఆగు.
అంగుళం.